రిటర్న్ టికెట్ తేదీ దాటాక

మూడేళ్ల కిందట మా పిన్ని కూతురు ఆరేళ్ల కొడుకుని తీసుకుని సియాటిల్ నుంచి హైదరాబాద్ వచ్చింది. నెల రోజులకని వచ్చారు. రిటర్న్ టికెట్ తేదీ దాటిపోయినా ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. ఇంకో రెండు నెలలకి అక్కడి కోర్టు నుంచి కాగితాలొచ్చాయి. "నీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదరా, ఓసారి చూడు" అని అక్క నా చేతిలో పెట్టింది. నా ఇంగ్లీషు ఆఫీసు మెయిళ్లకి సరిపోతుంది గానీ, వాటికి సరిపోలేదు. అర్థం చేసుకుందామని పాత తీర్పులు చదవడం మొదలుపెట్టాను. మా ఇంటి గొడవకి నలభై ఏళ్ల చరిత్ర ఉందని అప్పుడు తెలిసింది.

అందులో మనవాళ్ల వాటా తక్కువేం కాదు. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక భర్త 1980లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకులు తెచ్చుకున్నాడు. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టానికి లోబడే విడాకులూ ఉండాలి, అవతలి మనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, లేదా అక్కడికెళ్లి వాదించుకుంటే తప్ప, అన్నది స్థూలంగా దాని సారం. అంటే ఒకే జంట ఒక దేశంలో విడిపోయి, ఇంకో దేశంలో భార్యాభర్తలుగానే ఉండొచ్చు. ఇప్పటికీ ఇలాంటి కేసులన్నీ ఆ తీర్పు దగ్గరే మొదలవుతాయి.

ఆస్తి దగ్గరికొస్తే చట్టం కాస్త సూటిగానే ఉంది. భూమి ఎక్కడుంటే దాని హక్కు అక్కడి కోర్టే తేల్చాలి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నుంచీ ఈ మాటే చెబుతోంది. వాషింగ్టన్ రాష్ట్రంలో పెళ్లయ్యాక సంపాదించింది సాధారణంగా ఇద్దరిదీ. మన దగ్గర అలాంటి సూత్రం లేదు, పత్రం ఎవరి పేరున ఉంటే ప్రధానంగా వాళ్లదే. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కూడా పెళ్లిలో ఇద్దరికీ కలిపి పెట్టినవాటి గురించే మాట్లాడుతుంది. కొండాపూర్‌లో బావ పేరున ఉన్న ఫ్లాట్ విలువని సియాటిల్ జడ్జి లెక్కలోకి తీసుకోగలడేమో గానీ, ఆ ఫ్లాట్‌ని అక్క పేరున రాయలేడు. డబ్బు ఇమ్మని తీర్పిచ్చినా, అది బ్రిటన్ తీర్పయితే ఇక్కడ నేరుగా అమలు చేయించుకోవచ్చు. అమెరికా తీర్పయితే దాని ఆధారంగా ఇక్కడ మళ్లీ దావా వేయాలి. ఇదంతా తలనొప్పే, కానీ దారి ఏమిటో ముందే తెలుస్తుంది.

పిల్లల విషయంలో అలా తెలీదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పిల్లవాడు మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడి కోర్టుకి అధికారం ఇచ్చింది. విమానాలు లేని కాలపు మాట అది. 1984లో ఒక తండ్రి ఇంగ్లండ్ నుంచి కొడుకుని తీసుకొచ్చేస్తే, కాపురం ఎక్కడ పెట్టారో ఆ దేశానికే ఆ బిడ్డతో దగ్గరి సంబంధమని సుప్రీంకోర్టు తల్లి పక్షాన తీర్పిచ్చింది. 1997లో ఇంకో కేసు. అమెరికా నుంచి పసికందుగా తల్లితో వచ్చిన పిల్లాడు, తీర్పు వచ్చేనాటికి టీనేజిలో ఉన్నాడు. ఇక్కడే ఉండనిచ్చారు. 2009లో మరో బాబుని అమెరికా పంపమన్నారు. 2017లో ఒక పాపని, బ్రిటన్ కోర్టు ఉత్తర్వు ఉన్నా, ఢిల్లీలో తల్లి దగ్గరే ఉంచారు. 2019లో, అమెరికాలో తనే ముందు విడాకుల కేసు వేసి, తర్వాత పిల్లలతో హైదరాబాద్ వచ్చిన తల్లి కేసులో పిల్లల్ని తిరిగి పంపమన్నారు. అన్ని తీర్పుల్లోనూ బిడ్డ క్షేమమే ముఖ్యమని ఉంటుంది. ఆ మాటకి అర్థం మాత్రం కేసు కేసుకీ మారింది.

దీనికోసమే 1980లో హేగ్ ఒప్పందం రాశారు, 1983లో అది అమల్లోకి వచ్చింది. పదహారేళ్లలోపు బిడ్డని ఒకరు దేశం దాటించేస్తే ముందు వెనక్కి పంపాలి, కస్టడీ ఎవరిదన్నది అక్కడి కోర్టు చూసుకుంటుంది. ఏడాదిలోపు కేసు వేయకపోతే, బిడ్డ కొత్త చోట కుదురుకున్నాడని తేలితే పంపక్కర్లేదు. తీవ్రమైన ప్రమాదం ఉందన్నా పంపక్కర్లేదు. రాసినవాళ్ల ఊహలో ఎక్కువగా ఉన్నది బిడ్డని ఎత్తుకుపోయే తండ్రి. తీరా చూస్తే అలా తీసుకెళ్లేవాళ్లలో తల్లులే ఎక్కువ. మన లా కమిషన్ 2009లో ఒకసారి చేరమంది, 2016లో బిల్లు ముసాయిదా కూడా ఇచ్చింది. హింస తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లని మళ్లీ అక్కడికే తోసినట్టవుతుందన్న అభ్యంతరం వచ్చింది. భారత్ చేరలేదు. ఆ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయలేను. అక్క ఎందుకొచ్చేసిందో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

కానీ ఈ తీర్పులన్నీ వరసగా చదివాక ఒక విషయం మింగుడుపడలేదు. రోజులు గడిచేకొద్దీ బిడ్డ ఎవరి దగ్గరుంటే వాళ్ల వాదన బలపడుతుంది. స్కూలు, స్నేహితులు, భాష అన్నీ సాక్ష్యాలవుతాయి. హేగ్ ఒప్పందం కనీసం ఏడాది దగ్గర గీత గీసింది. మన దగ్గర ఆ గీత లేదు. మా మేనల్లుడికి తెలుగు అక్షరాలు దిద్దించింది నేనే. వాడు "మామా" అని రాసిన కాగితం ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా లాయరు దాన్ని ఫైల్లో పెట్టమన్నాడు. అప్పటిదాకా అది నాకు ముద్దుగానే అనిపించింది. అటువైపు ఆ ఫోటో చూసిన బావకి ఏమనిపించి ఉంటుందో ఆ రోజే మొదటిసారి ఆలోచించాను.

ఫ్లాట్ సంగతి ఎనిమిది నెలల్లో తేలిపోయింది. అమ్మేసి చెరిసగం తీసుకున్నారు. బాబు సంగతి ఇంకా తేలలేదు. ఆదివారం పొద్దున వీడియో కాల్ తప్పకూడదని మాత్రం అక్కనీ బావనీ ఒప్పించగలిగాను.

వాడికిప్పుడు తొమ్మిదేళ్లు. మొన్న కాల్ అయ్యాక అడిగాడు, "మామా, నేను అక్కడ ఎక్కువ ఉన్నానా, ఇక్కడా?" అని. అక్కడ ఆరేళ్లు, ఇక్కడ మూడేళ్లు అన్నాను. వేళ్ల మీద లెక్కేసుకుని, "అయితే ఇంకో మూడేళ్లకి సమానం అయిపోతాయి కదా" అన్నాడు.