సంతకం లేని నమ్మకాలు

మా ఫీల్డులో నమ్మకం అంటే ఒప్పందమే. లైసెన్సు, షరతులు, కింద ఒక 'ఐ అగ్రీ' బటన్. నీతి కూడా ఇలాంటి ఒప్పందమేనని చాలామంది తత్వవేత్తలు రాసేశారు. అలా రాయడంలో ఏం జారిపోయిందో చెప్పినావిడ ఆనెట్ బయర్.

ఈవిడ 1929లో న్యూజీలాండ్‌లో పుట్టి, ఒటాగోలో, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1973 నుంచి అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1985లో మొదటి పుస్తకం వచ్చేసరికి వయసు యాభై దాటింది. మొదట్నుంచీ స్త్రీవాది అనుకునేరు, కాదు. ఆవిడ అభిమాన విషయం 18వ శతాబ్దపు డేవిడ్ హ్యూమ్. నీతికి పునాది తర్కం కాదు, మనసులోని స్పందన అన్నాయన.

1982లో కారల్ గిల్లిగన్ అనే సైకాలజిస్టు పుస్తకం వచ్చింది. నైతిక ఎదుగుదలని కొలిచే స్కేలు మగపిల్లల్ని చూసి తయారైందనీ, బాంధవ్యాల చుట్టూ ఆలోచించే ఆడవాళ్ళకి అందులో తక్కువ మార్కులు పడుతున్నాయనీ ఆమె వాదన. బయర్‌కి అందులో హ్యూమ్ కనిపించాడు! హ్యూమ్ స్త్రీల నీతివేత్తా అని 1987లో ఏకంగా ఒక వ్యాసమే రాశారు.

అంతకుముందు ఏడాది రాసిన 'ట్రస్ట్ అండ్ యాంటీట్రస్ట్' ఇంకా ముఖ్యం. హాబ్స్, కాంట్ లాంటి బ్రహ్మచారులు ముక్కూమొహం తెలియని సమానుల మధ్య ఒప్పందాన్నే నమూనాగా తీసుకున్నారని ఆవిడ ఎత్తిపొడుపు. (హ్యూమూ బ్రహ్మచారే, అది వేరే సంగతి.) మరి పసిబిడ్డ తల్లితో ఏ కాగితం మీద సంతకం పెట్టింది? అసలు ఒప్పందాలు చేసుకునే వయసుకి మనం వచ్చిందే ఎవరో ఏళ్ళ తరబడి సాకితే కదా.

అలాగని నమ్మకానికి హారతులేం పట్టలేదు. దోపిడీ కూడా నమ్మకం మీదే నడుస్తుందని ఆవిడకి తెలుసు. అందుకే ఒక పరీక్ష పెట్టారు. ఈ బంధం నిలవడానికి ఎదుటివాడు నాలో దేన్ని నమ్ముకున్నాడు? నా ప్రేమనా, భయాన్నా, అజ్ఞానాన్నా? అది తెలిసిపోయాక కూడా నమ్మకం మిగిలితే మంచిదే. తెలియగానే కూలిపోతే, అది ముందే కుళ్ళిందన్నమాట.

1995లో ప్రతిష్ఠాత్మకమైన కేరస్ ఉపన్యాసాలిచ్చిన మొదటి మహిళ ఆవిడే. 2012లో చనిపోయారు.

ఆవిడ పరీక్ష మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఎవరూ చదవరన్న ధీమా మీద నడిచే 'ఐ అగ్రీ' బటన్ దీంట్లో ఫెయిలు. 'సర్దుకుపోతుందిలే, ఎక్కడికి పోతుంది' అన్న ధీమా మీద నడిచే కాపురమూ ఫెయిలే. బటన్ సంగతి కోర్టులు చూసుకుంటాయి. రెండోదాన్ని నీతిశాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కించడానికి బయర్ లాంటివాళ్ళు రావాల్సి వచ్చింది.