కొలనోస్కోపీలో మత్తు ఎంతవరకు సురక్షితం?

పెద్దపేగును లోపలి నుంచి పరిశీలించే కొలనోస్కోపీని మత్తు లేకుండానూ చేయవచ్చు. అసౌకర్యం తెలియకుండా ఉండేందుకు ఎక్కువగా రెండు స్థాయిల్లో మత్తు ఇస్తారు.

పిలిస్తే పలికే స్థాయికి మిడజోలమ్, ఫెంటనిల్ వాడతారు. వీటికి ఫ్లూమజెనిల్, నాలోక్సోన్ అనే విరుగుడు మందులున్నాయి. గాఢ మత్తుకు ప్రోపోఫాల్ ఇస్తారు. ఇది నిమిషంలోపే పనిచేస్తుంది. ఆపిన కొద్ది నిమిషాలకే మెలకువ వస్తుంది. అయితే దీనికి విరుగుడు లేదు. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. అందుకే పరీక్ష చేసే వైద్యుడు కాక, శ్వాసను కాపాడటంలో శిక్షణ పొందిన మరొకరు రోగిని నిరంతరం గమనించాలి. పల్స్ ఆక్సీమీటర్, రక్తపోటు పరికరం, ఆక్సిజన్ సిద్ధంగా ఉండాలి.

ఆరోగ్యవంతుల్లో తీవ్ర సమస్యలు అరుదు. నిద్రలో శ్వాస ఆగే రుగ్మత, స్థూలకాయం, గుండె లేదా ఊపిరితిత్తుల వ్యాధి, వృద్ధాప్యం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కడుపులో ఆహారం మిగిలితే అది ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. అందువల్ల ఘనాహారం వైద్యులు చెప్పిన సమయానికే ఆపాలి. పేగు శుద్ధి మందు సహా ద్రవాలన్నీ కనీసం 2 గంటల ముందే ముగించాలి. సెమాగ్లూటైడ్ జీర్ణాశయం ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది కనుక, వాడుతుంటే ముందే చెప్పాలి.

సూరత్‌లోని కతర్‌గామ్‌లోనైనా, కరీంనగర్‌లోనైనా జాగ్రత్తలు ఇవే. గుజరాతీ చదవలేని తెలుగువారు అంగీకార పత్రాన్ని తెలిసిన భాషలో వివరించమని కోరాలి. గత మత్తు అనుభవం, అలర్జీలు, వాడుతున్న మందులు దాచకుండా చెప్పాలి. పరీక్ష తర్వాత 24 గంటల పాటు వాహనం నడపరాదు, యంత్రాలపై పనిచేయరాదు; ఇంటికి తోడు తప్పనిసరి.