ఎత్తు పెంచిన జీపు

ఎత్తు పెంచిన జీపు: రాళ్ల దారులు, వాగులు దాటేందుకు నేలకూ ఛాసీకీ మధ్య ఎడం పెంచిన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనం. మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల అసెంబ్లీ మొదలుపెట్టింది. తర్వాతి ఎంఎం 540 వంటి డీజిల్ మోడళ్లనే ఎక్కువగా ఇలా మారుస్తారు. బొర్రా గుహల సమీపంలోని కటికి జలపాతానికి రాళ్ల దారిలో పర్యాటకులను చేరవేసేవి జీపులే.

ఎత్తు కోసం కమాన్ పట్టీలను ఛాసీకి కలిపే షాకిల్స్ పొడవు పెంచుతారు, లేదా ఆ పట్టీలను యాక్సిల్ కింది నుంచి మీదికి మారుస్తారు. రెండో పద్ధతిలో ఎత్తు బాగా పెరుగుతుంది, చిక్కులూ పెరుగుతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు ఎక్కువై దాని కీళ్లలోని క్రాస్‌లు త్వరగా అరుగుతాయి. ఒక నిర్దిష్ట వేగంలో వచ్చే అదురు ఈ అరుగుదలకు తొలి గుర్తు. యాక్సిల్ కిందికి దిగినప్పుడు పొట్టి బ్రేక్ హోస్ సాగి తెగవచ్చు. ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. ముందు చక్రాల కాస్టర్ కోణం తగ్గితే స్టీరింగ్ నిలకడ పోతుంది. యాక్సిల్‌కూ పట్టీలకూ మధ్య వాలుగా ఉండే లోహపు ముక్కలు బిగించి ఈ కోణాన్ని సరిచేస్తారు. టైరు పెద్దదైతే వేగం మీటరు తక్కువ చూపుతుంది: 29 అంగుళాల టైరు స్థానంలో 33 అంగుళాలది వేస్తే, మీటరు 60 చూపినప్పుడు అసలు వేగం సుమారు 68 కిలోమీటర్లు. గరిమనాభి పైకి జరగడంతో వాలులో బోల్తా ముప్పు హెచ్చు.

తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే ధ్రువీకరించింది.