విన్నెబాగో: బల్లెం పట్టినవారే కాపలా కాసిన సరస్సు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో విన్నెబాగో సరస్సు విశాలమైనదే గాని లోతైనది కాదు. దాదాపు 1,37,000 ఎకరాల నీరు, సగటున పదిహేను అడుగుల లోతు. చలికాలంలో సరస్సు పైభాగమంతా గట్టిగా గడ్డకడుతుంది. ఏటా ఫిబ్రవరి రెండో శనివారం తెల్లవారేసరికి ఆ మంచు మీద వేలాది చిన్న పాకలు వెలిసి ఉంటాయి. పాకలో కిటికీ ఉండదు. నేలలో 48 చదరపు అడుగులకు మించకుండా కోసిన రంధ్రం, దాని మీదికి వంగి కూర్చున్న మనిషి, పక్కన తాడు కట్టిన బరువైన బల్లెం, ఎరగా నీటిలో వేలాడే చెక్కచేప. లోపల చీకటి కాబట్టి కింద నీరే వెలుగుతూ కనిపిస్తుంది. అడుగున తెల్లటి వస్తువులేవైనా వేసి ఉంచితే వాటి మీదుగా పోయే చేప నీడ తెలుస్తుంది. ఏళ్ల తరబడి కూర్చున్నా ఒక్క చేప కంటపడనివారు చాలామంది. కనిపించినా బల్లెం విసరడానికి దొరికేది కొన్ని క్షణాలే.

వారు ఎదురుచూసే చేప లేక్ స్టర్జన్. ఒంటినిండా పొలుసులకు బదులు ఎముక పలకల వరుసలు, నోటి ముందు నాలుగు మీసాలు, బురదలోని పురుగులను పీల్చి తినే నోరు. ఆడ చేప ఈడుకు రావడానికి ఇరవై ఏళ్లు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. వచ్చాకైనా ఏటా గుడ్లు పెట్టదు. మూడు నుంచి ఐదేళ్లకోసారి పెడుతుంది. అయితే ఆయుష్షు దీర్ఘం. నూరేళ్లు దాటి బతికే స్టర్జన్లు ఉన్నాయి. 2010లో ఈ సరస్సులోనే బల్లేనికి దొరికిన ఒక చేప 212 పౌండ్లు, అంటే 96 కిలోలు తూగింది. ఇంత నెమ్మదిగా పెరిగే జీవిని వేటాడటంలోని ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ ఏడు అతిగా చంపితే ఆ నష్టం పాతికేళ్లకు గాని పూర్తిగా బయటపడదు. బయటపడ్డాక సరిదిద్దడానికి మరో పాతికేళ్లు కావాలి.

ఈ చేపను మొదట తెలుసుకున్నది మెనోమినీ జాతి. వారి భాషలో దీని పేరు నమావ్. గోదావరికి ఎదురీదే పులసలాగే స్టర్జన్లు కూడా వసంతంలో, నీరు కాస్త వేడెక్కగానే, సరస్సు విడిచి వుల్ఫ్ నదిలో పైకి ఈది కెషీనా జలపాతం దాకా వెళ్లేవి. చలికాలపు నిల్వలు అడుగంటే వేళకు సరిగ్గా వచ్చేవి. ఆ రాకే మెనోమినీలకు పండుగ. అమెరికా ప్రభుత్వంతో 1854లో చేసుకున్న ఒప్పందంలో వారికి మిగిలిన భూమిలో ఆ జలపాతం ఉండటం వారికెంతో ముఖ్యం. మంచుకు రంధ్రం చేసి, చెక్కచేపను ఆడిస్తూ బల్లెంతో పొడవడం కూడా ఈ ప్రాంతపు ఆదివాసులకు తరతరాలుగా తెలిసిన విద్యే. తరువాత వచ్చిన జర్మన్ తదితర వలస కుటుంబాలు దాన్ని తమ సంప్రదాయంగా చేసుకున్నాయి.

ఐరోపా నుంచి వచ్చిన వ్యాపార జాలరులకు మొదట్లో స్టర్జన్ పనికిమాలిన చేప. వలలు చింపుతోందని దాన్ని చంపి ఒడ్డున కుప్పలు పోసేవారు. నూనె ఎక్కువ కాబట్టి ఎండబెట్టి ఆవిరి పడవల బాయిలర్లలో కట్టెలకు బదులు కాల్చిన సందర్భాలూ ఉన్నాయి. 1860ల తరువాత దాని గుడ్లకు కేవియర్‌గా, మాంసానికి పొగబెట్టిన వంటకంగా గిరాకీ పుట్టగానే పరిస్థితి తలకిందులైంది. 1885లో గ్రేట్ లేక్స్ అనే మహా సరస్సులన్నిటిలో కలిపి 80 లక్షల పౌండ్లకు పైగా స్టర్జన్ పట్టారు. అందులో సగానికి పైగా ఈరీ సరస్సు నుంచే. ఆ తరువాత పాతికేళ్లు గడవకముందే ఆ వ్యాపారం కూలింది. పట్టడానికి చేపే మిగలలేదు. ద్వేషించిన రోజుల్లో కన్నా విలువ కట్టిన రోజుల్లోనే ఈ చేపకు ఎక్కువ హాని జరిగిందన్నది నా అభిప్రాయం.

విస్కాన్సిన్ 1915లో స్టర్జన్ వేటను పూర్తిగా నిషేధించింది. నిషేధంతోనే చేప బతికిందని చెప్పడం సులువు, కాని అది సగం నిజమే. గుడ్లు పెట్టే వేళ స్టర్జన్లు నది ఒడ్డున, మోకాలి లోతు నీళ్లలో, చేతికందేంత దగ్గరగా వస్తాయి. ఆకలి కాలంలో చాటుమాటు వేట ఆగలేదు. 1931లో శాసనసభ విన్నెబాగో మీద చలికాలపు బల్లెం వేటకు మళ్లీ అనుమతిచ్చింది. 1932 ఫిబ్రవరిలో తొలి సీజన్ నడిచింది. ఆర్థిక మాంద్యం పీడిస్తున్న ఆ రోజుల్లో అది తిండికి సంబంధించిన నిర్ణయం కూడా. వసంతంలో గుడ్లతో ఉన్న చేపను దొంగచాటుగా చంపడం కన్నా చలికాలంలో చట్టబద్ధంగా, కష్టసాధ్యమైన పద్ధతిలో పట్టడం చేపకు మేలు. ఆనాటి చట్టకర్తలకు ఇంత దూరదృష్టి ఉందో లేదో గాని ఫలితం మాత్రం అదే అయింది.

అసలు మలుపు లెక్కింపుతో వచ్చింది. 1950ల నుంచి, పట్టిన ప్రతి స్టర్జన్‌నూ నమోదు కేంద్రానికి తెచ్చి చూపించడం తప్పనిసరి. ఈ నిబంధన వెనకున్న గణితం చక్కనిది. వసంతంలో రాష్ట్ర సహజ వనరుల శాఖ జీవశాస్త్రవేత్తలు నది ఒడ్డున గుడ్లు పెడుతున్న చేపలను పెద్ద చేతివలలతో పైకి తీసి, కొలిచి, ఆడో మగో గుర్తించి, ట్యాగు వేసి వదులుతారు. ఫిబ్రవరిలో వేటగాళ్లు తెచ్చిన చేపల్లో ఎన్నింటికి ట్యాగు ఉందో చూస్తారు. ఆ నిష్పత్తిని బట్టి సరస్సులో మొత్తం ఎన్ని చేపలున్నాయో అంచనాకు వస్తుంది. అంటే బల్లెం పట్టిన మనిషి లేకపోతే ఈ లెక్కే లేదు. వేటగాడు తెచ్చిన చేప అతని కుటుంబానికి భోజనం, శాస్త్రవేత్తకు ఆధారం. చేపల సంరక్షణ చరిత్రలో పట్టేవాడికీ కాపాడేవాడికీ ఇంత దగ్గరి పొత్తు కుదరడం అరుదు.

ఈ పొత్తు తనంతట తాను పుట్టలేదు. 1977లో ఫాండ్ డు లాక్ ప్రాంతానికి చెందిన బిల్ కాస్పర్ అనే వేటగాడు, తనలాంటివారిని కూడగట్టి ‘స్టర్జన్ ఫర్ టుమారో’ సంఘాన్ని స్థాపించాడు. చేప తగ్గిపోతే రేపు తమ పిల్లలకు ఏం మిగులుతుందన్నదే వారి చింత. స్టర్జన్‌ను హేచరీలో పొదిగించి పెంచడం ఎలాగో తెలుసుకోవడానికి ఆ సంఘం డబ్బు పోగుచేసింది. మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ బింకౌస్కీ ఆ దిశగా పరిశోధించాడు. అక్కడ గడించిన అనుభవం తరువాత స్టర్జన్ అంతరించిన ఇతర నదులకు ఉపయోగపడింది. విన్నెబాగోకు మాత్రం హేచరీ కన్నా రాళ్లే ఎక్కువ మేలు చేశాయి. కోతకు గురవుతున్న వుల్ఫ్ నది గట్లకు రక్షణగా పరచిన బండరాళ్ల సందుల్లో స్టర్జన్లు గుడ్లు పెట్టడం గమనించి, అలాంటి చోట్లను కావాలనే పెంచారు. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో ఆ చోట్ల స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబవళ్లు కాపలా ఉంటారు. వారిలో చాలామంది ఫిబ్రవరిలో బల్లెం పట్టేవారే. వేట హక్కును పూర్తిగా తీసేసి ఉంటే వసంత రాత్రుల చలిలో ఆ గట్టు మీద కూర్చునేవారు ఎందరుండేవారు?

అలాగని వేటగాళ్ల మంచితనాన్నే నమ్ముకుంటే చేప నిలిచేది కాదు. నీరు తేటగా ఉన్న ఏడాది ఇదే సరస్సు ఇదే జనానికి అనేక రెట్లు చేపలిస్తుంది. 1990లలో అలాంటి ఏళ్లు వచ్చాయి. పట్టుబడి హద్దు మీరే ప్రమాదం కనిపించింది. అప్పుడు శాఖ, వేటగాళ్ల సలహా సంఘం కలిసి కూర్చుని కట్టుబాట్లు బిగించాయి. ఎదిగిన చేపల్లో ఏటా ఐదు శాతానికి మించి పోకూడదు. ఏటి కోటాను ఈడుకు రాని ఆడ చేపలు, ఎదిగిన ఆడవి, మగవి అని మూడు పద్దులుగా విడదీశారు. సీజన్ గడువు పదహారు రోజులే అయినా, ఏ ఒక్క పద్దు తొంభై శాతం నిండినా మరునాటితో వేట బంద్. నూరు శాతం నిండితే ఆ రోజుతోనే ఆఖరు. వేళ కూడా కుదించి మధ్యాహ్నానికే ముగించారు. విన్నెబాగోకు ఎగువన ఉన్న చిన్న సరస్సుల్లో చేప సులువుగా దొరుకుతుంది కాబట్టి అక్కడ 2007 నుంచి లాటరీలో పేరు వచ్చిన 500 మందికే అనుమతి. లైసెన్సు అక్టోబరు 31 లోపే కొనాలి. నీరు తేటగా ఉందని తెలిశాక పరుగెత్తి కొనడం కుదరదు. ఈ ఒక్క నియమంలోనే మనిషి ఆశను ఎరిగిన తెలివి కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పింది విజయగాథ. దానికి మరో ముఖం ఉంది. ఈ గాథను చెప్పేవారు ఆ ముఖాన్ని తరచూ చివర్లో ఒక వాక్యంతో దాటేస్తారు. 1892లో షవానో దగ్గర, 1926లో బాల్సమ్ రో దగ్గర వుల్ఫ్ నదికి ఆనకట్టలు వచ్చాయి. స్టర్జన్ ఇక కెషీనా చేరలేదు. మెనోమినీలు చేపను అతిగా పట్టి పోగొట్టుకోలేదు. దిగువన ఇతరులు కట్టిన గోడ వారి పండుగను ఆపేసింది. 1968లో అమెరికా సుప్రీంకోర్టు మెనోమినీల వేట హక్కులు, చేపల హక్కులు చెక్కుచెదరలేదని తీర్పు చెప్పింది. కాగితం మీద హక్కు నిలిచింది, నదిలో నమావ్ లేదు. 1990ల తొలినాళ్ల నుంచి శాఖ ఏటా వసంత వేడుకకు కొన్ని చేపలను అందజేస్తోంది. నూరేళ్లుగా ఆగిపోయిన విందు, నృత్యం తిరిగి మొదలయ్యాయి. 2011 నుంచి దిగువన పట్టిన కొన్ని స్టర్జన్లను ట్యాంకు లారీల్లో ఆనకట్టలు దాటించి పైన వదులుతున్నారు. అవి కెషీనా జలపాతం కింద గుడ్లు పెట్టడం మెనోమినీలు మళ్లీ చూశారు.

మిషిగన్ రాష్ట్రంలోని బ్లాక్ లేక్‌లోనూ మంచు మీద స్టర్జన్ వేట ఉంది. అక్కడ చేప తక్కువ కాబట్టి వేటగాళ్లందరికీ కలిపి ఏటా కొద్ది చేపలే కోటా. ఇటీవలి కొన్ని సీజన్లు గంటసేపైనా నడవలేదు. విన్నెబాగోలోనూ బాధ లేకపోలేదు. 2024 చలికాలం వెచ్చగా గడిచి మంచు పలుచబడింది. పాకలు, వాహనాలు సరస్సు మీదికి చేరడమే కష్టమైంది, పట్టుబడి బాగా తగ్గింది. మంచే లేని చలికాలాలు పెరిగితే, బల్లెంతో పాటు దాని మీద నిలబడ్డ ఈ లెక్కింపూ దెబ్బతింటుంది. ఆ ముప్పుకు ఏ కోటా పరిష్కారం కాదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వపు చేపలు, వన్యప్రాణుల సంస్థ లేక్ స్టర్జన్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చనవసరం లేదని ప్రకటించింది. చేర్చి ఉంటే విన్నెబాగో వేట నిలిచిపోయే అవకాశం ఉండేది. ఆ నిర్ణయం వెనక అనేక రాష్ట్రాల, తెగల శ్రమ ఉంది. అందులో విన్నెబాగో పాటించిన పద్ధతి సరైనదేనని నేను నమ్ముతున్నాను. కాని వుల్ఫ్ నది స్టర్జన్ ఇప్పటికీ సొంతంగా ఈది కెషీనా చేరలేదు. లారీ ఎక్కించి దాటిస్తున్నంత కాలం మెనోమినీలకు చెల్లించాల్సిన బాకీ తీరినట్టు కాదు.