సికింద్రాబాద్ బెర్తు, రెండు సర్వర్లు, ఒక డిస్క్

ఈ రోజు టాపిక్ సర్వర్లే, కానీ కథ మాత్రం రైల్వే రిజర్వేషన్ కౌంటర్ దగ్గర మొదలవుతుంది.

కంప్యూటర్లు రాకముందు బెర్తులన్నీ లావుపాటి రిజిస్టర్లలో ఉండేవి. గుమస్తా ఒక పేజీలో పేరు రాస్తున్నంతసేపూ ఇంకొకరు అందులో రాయలేరు. అందుకే క్యూ చాంతాడంత. తిరుగు ప్రయాణం టికెట్ కావాలంటే అవతలి స్టేషన్‌కు టెలిగ్రాం కొట్టాలి. యాప్ కాదు బాబూ, తంతి ఆఫీసు టెలిగ్రాం!

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, మన సికింద్రాబాద్ కూడా కేంద్రాలయ్యాయి. కానీ ఎవరి సిస్టమ్ వాళ్లదే. వీటిని కలపడానికి క్రిస్ అనే రైల్వే సంస్థ కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. 1994లో దాన్ని మొట్టమొదట పెట్టింది ఎక్కడో తెలుసా? సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్‌కల్లా ఐదు కేంద్రాలూ కలిశాయి.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, కలిపారు గానీ ఒకే బెర్తు లెక్కను ఐదు చోట్ల రాయనివ్వలేదు. ఏ రైలు లెక్క ఆ రైలు కేంద్రంలోనే. ఇక్కడి కౌంటర్లో ఢిల్లీ కేంద్రం రైలు అడిగితే ప్రశ్న ఢిల్లీకి వెళ్లి జవాబు వస్తుంది. లైను తెగితే ఆ రైళ్లకు టికెట్ దొరకదు, అంతే. మన రైళ్లకు దొరుకుతుంది. కాసేపు టికెట్ ఆగితే జనం తిడతారు. ఒకే బెర్తు ఇద్దరికి అమ్మితే అర్ధరాత్రి బోగీలో కొట్టుకుంటారు.

మరి కేంద్రం లోపల మెషీనే పోతే? ఈ సిస్టమ్ నడిచింది డెక్ కంపెనీ వీఎంఎస్ మీద. ఆ డెక్ వాళ్లు 1983లోనే వ్యాక్స్ క్లస్టర్ తెచ్చారు. చాలా మెషీన్లు, అందరికీ అవే డిస్కులు. రాసే ముందు లాక్ తీసుకోవాలి, మన గుమస్తా చేతిలో రిజిస్టర్ లాగా. ఇంకోటి, ఓట్లు. మెజారిటీ ఓట్లు అందని మెషీన్ తనంతట తానే ఆగిపోవాలి. రెండే మెషీన్లుంటే మూడో ఓటు ఒక డిస్క్‌కి ఇచ్చేవాళ్లు.

ఇదంతా చదివి కూడా నేను బద్ధకించాను. చిన్న హోస్టింగ్, రెండు సర్వర్లు, మధ్యలో ఒకే స్టోరేజ్. ఒకరోజు సర్వర్ల మధ్య కేబుల్ ఊడింది. "అవతలిది చచ్చింది, ఇక నేనే" అని రెండూ అనుకున్నాయి. రెండూ అదే డిస్క్ మీద రాసేశాయి. సైట్ డౌన్ అయి ఉంటే అరగంటలో లేపేవాణ్ణి. పాడైన ఫైళ్లతో రెండు రాత్రులు కూర్చున్నా. బ్యాకప్ మూడు రోజుల పాతది. ఒక చీరల షాపు ఆర్డర్లు ఆ మూడు రోజులవీ పోయాయి. ఆ ఆంటీకి ఫోన్ చేసి చెప్పడం ఎంత కష్టమో!

ఇప్పుడు మూడో ఓటుకి పాత లాప్‌టాప్ ఒకటి పెట్టాను, వేరే యూపీఎస్ మీద. ఒక సర్వర్ పని అందుకునే ముందు రెండోదాని కరెంటు తీసేస్తుంది, అనుమానానికి తావు లేకుండా. ఆ స్టోరేజ్ పెట్టె పోతే రెండు సర్వర్లూ అనాథలే కాబట్టి, డేటా కాపీ రోజూ రాత్రి వేరే ఊళ్లోని మెషీన్‌కు వెళ్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మీ కళ్ల ముందే కేబుల్ పీకుతా. చూద్దాం ఏమవుతుందో.