విద్యాధనం నుంచి పెన్షను దాకా

తరాల అంతరం అనగానే మన సమావేశాల్లో మాట సినిమాల మీదికి, టీవీల మీదికి, సెల్‌ఫోన్ల మీదికి పోతుంది. నాకు మాత్రం ఆ తగాదా మూలం ఇనప్పెట్టెలో ఉందనిపిస్తుంది. ఇంట్లో ఎవరి సంపాదన ఎవరిది అన్న ప్రశ్నకు గత వందేళ్లలో జవాబు మారుతూ వచ్చింది. అది మారినప్పుడల్లా తండ్రీ కొడుకుల మధ్య దూరమూ మారింది. ఆ కథను పెన్షనరు మిత్రుల ముందు ఉంచుతున్నాను.

మన ధర్మశాస్త్రాల్లో విద్యాధనం అనే మాట ఉంది. చదువు వల్ల వచ్చిన సంపాదన అని అర్థం. ఉమ్మడి సొమ్ముతో కొడుకును చదివిస్తే, ఆ చదువుతో వాడు గడించింది కూడా ఉమ్మడిదేనా? ఇంగ్లీషు చదువులు, సర్కారు కొలువులు రానంతకాలం ఈ ప్రశ్న ఎవరినీ పెద్దగా బాధించలేదు. ప్లీడర్లు, గుమాస్తాలు తయారయ్యాక కోర్టుకెక్కింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే, 1891లో, భాష్యం అయ్యంగారు మద్రాసు శాసనమండలిలో ఒక బిల్లు పెట్టారు. చదువుకున్నవాడి సంపాదన వాడి స్వార్జితమే అని దాని సారాంశం. ఉమ్మడి కుటుంబం కూలిపోతుందని పెద్దలు అభ్యంతరం చెప్పారు. చివరకు గవర్నరు ఆమోదం దొరక్క బిల్లు అక్కడే ఆగింది.

1921లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు గోకల్ చంద్ కేసు వచ్చింది. వివాదం ఒక ఐ.సి.ఎస్. ఉద్యోగి సంపాదన గురించి. కుటుంబం ఖర్చుతో చదివాడు గనుక అతని ఆర్జన కుటుంబానిదే అని తీర్పు. ఐ.సి.ఎస్. వాడి గతే అదైతే మామూలు గుమాస్తా మాట చెప్పాలా! తర్వాత ఎం.ఆర్. జయకర్ తెచ్చిన బిల్లు 1930లో చట్టమైంది. ఎవరి డబ్బుతో చదివినా, చదువు వల్ల వచ్చిన సంపాదన సంపాదించినవాడిదే అయింది.

చట్టం వచ్చిందని ఊళ్లు మారలేదు లెండి. మా నాన్నగారు 1934లో బోర్డు స్కూలు మాస్టరుగా చేరారు. జీతం చేతికందిన రోజే మా తాతగారికి మనియార్డరు కట్టేవారు. కూపను మీద క్షేమ సమాచారం రెండు ముక్కలు. తిరిగి తాతగారు ఏ ఖర్చుకు ఎంత ఇస్తే అంతే. ఆ మనియార్డర్ల గురించి నాన్నగారు ఎన్నడూ గొప్పగా చెప్పుకోలేదు, నిష్ఠూరంగానూ మాట్లాడలేదు. నేను 1966లో సర్వీసులో చేరేసరికి పద్ధతి మారింది. జీతం నాది, అందులోంచి ఇంటికి కొంత పంపడం నా ఇష్టం. నాన్నగారు ఎంత అని అడగలేదు. అడగకపోవడంలోనే దూరం మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆడపిల్లల సంగతికి వేరే వ్యాసం కావాలి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు వచ్చింది. దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది.

ఇక మన పెన్షను. 1979లో కేంద్రం పెన్షను లెక్కను సరళీకరించింది గాని, ఆ ఏడు మార్చి 31న గాని తర్వాత గాని రిటైరైన వారికే అంది. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1982 డిసెంబరు 17న ఆ తేదీ గీతను చెరిపేసింది. పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. మనం డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం చేసుకునేది అందుకే. నా మటుకు ఆ తీర్పుకు ఇంకో అర్థం ఉంది. కొడుకు చెయ్యి చూడక్కర్లేని తండ్రుల తరం మన దేశంలో కొంతైనా పెరిగిందంటే అది పెన్షను చలవే. పెన్షను లేని ముసలివాళ్ల కోసం 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం తేవలసి వచ్చింది. నెలకు పదివేల రూపాయల దాకా భరణం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చారు. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే రద్దు చేయించుకునే వీలు కూడా అందులో ఉంది. కన్నకొడుకు మీద అర్జీ రాసే తల్లికి ఆ కాగితం ఎంత బరువో చట్టంలో ఎక్కడా ఉండదు.

మా అబ్బాయి 2006లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన వారికి మన రాష్ట్రంలో పాత పెన్షను లేదు, సి.పి.ఎస్. మాత్రమే. చేరిననాటి నిబంధన ప్రకారం మూలవేతనం, కరువుభత్యంలో నూటికి పది కోత, అంతే మొత్తం ప్రభుత్వ వాటా. రిటైరయ్యాక ఎంత వస్తుందో పోగైన నిధిని బట్టే. మా మనవరాలి హాస్టలు ఫీజు ఇప్పుడు నా పెన్షనులోంచే వెళుతుంది. మా తాతగారి కాలంలో పైకి వెళ్లిన డబ్బు, ఇప్పుడు కిందికి వస్తోంది.

"నాన్నా, తేదీ గీత గీస్తే మీవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మా తేదీ వచ్చినప్పుడు ఏం చేశారు?" అని అడిగాడు వాడు ఒకసారి. నకారా కేసు అప్పటికే పెన్షను తీసుకుంటున్న వారి మధ్య తేడా గురించి, కొత్తగా చేరేవారి షరతుల గురించి కాదు అని విడమరిచి చెప్పాను. చట్టం ప్రకారం నా మాట సబబే. వాడు విని, "మీ డి.ఎ. బకాయి పడిందా?" అని అడిగి, సంచీ పుచ్చుకుని బజారుకు వెళ్లాడు. పండక్కి వచ్చినప్పుడల్లా ఆ వాదన మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది.