ముండ్లపొదను రాజును చేసిందెవరు?

అధికార దాహం అనగానే మనకు ఫరో, హేరోదు వంటివారు గుర్తొస్తారు. అయితే న్యాయాధిపతుల గ్రంథం 8, 9 అధ్యాయాలు ఆ పాపాన్ని ఒక విశ్వాసవీరుని ఇంట్లోనే చూపిస్తాయి.

గిద్యోను 300 మందితో మిద్యానీయులను ఓడించాక, తమను ఏలమని ఇశ్రాయేలీయులు అతణ్ణి అడిగారు. తానుగాని తన కుమారుడుగాని ఏలరని, యెహోవాయే వారిని ఏలుతాడని అతడు జవాబిచ్చాడు. మాట మంచిదే. కానీ ఆ వెంటనే దోపుడుసొమ్ములోని బంగారు పోగులు అడిగాడు. వాటి బరువు 1,700 తులాలు. ఆ బంగారంతో ఏఫోదు చేయించి సొంత ఊరైన ఒఫ్రాలో ఉంచాడు. అది అతని ఇంటివారికే ఉరి అయింది. రాజులకున్నట్టే అతనికి అనేకమంది భార్యలు, 70 మంది కుమారులు. షెకెములోని ఉపపత్నికి పుట్టిన కుమారునికి అబీమెలెకు అని పేరు పెట్టాడు. ఆ పేరుకు 'నా తండ్రి రాజు' అని అర్థం. నోటితో కాదన్న రాజరికం ఇంట్లో మాత్రం సాగింది.

గిద్యోను చనిపోయాక అబీమెలెకు షెకెములోని మేనమామల దగ్గరకు వెళ్లాడు. 70 మంది ఏలడం మంచిదా, ఒక్కడు ఏలడం మంచిదా అని ఊరివారిని అడిగించాడు. తాను వారి రక్తసంబంధినని గుర్తుచేశాడు. మనవాడే కదా అని వారి మనసు అతనివైపు తిరిగింది. బయల్బెరీతు గుడిలోనుంచి 70 తులాల వెండి తీసి ఇచ్చారు. దానితో అతడు అల్లరిమూకను కూలికి పెట్టుకుని, ఒఫ్రాలో ఒకే రాతిమీద తన 70 మంది సహోదరులను చంపాడు. చిన్నవాడైన యోతాము మాత్రం దాగి బతికాడు.

ఆ యోతామే గెరిజీము కొండెక్కి ఒక ఉపమానం చెప్పాడు. చెట్లు తమకు రాజు కావాలని బయలుదేరాయి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష తమ ఫలాన్ని విడిచి రాలేమన్నాయి. ఏ ఫలమూ లేని ముండ్లపొద మాత్రం ఒప్పుకుని, తన నీడలోకి రమ్మంది. రాకపోతే అగ్ని వస్తుందని బెదిరించింది. ముండ్లపొదకు నీడెక్కడిది?

మూడేళ్లకే షెకెమువారికీ అబీమెలెకుకూ చెడింది. అతడు పట్టణాన్ని పడగొట్టి ఉప్పు చల్లాడు. గోపురంలో దాక్కున్న దాదాపు 1,000 మందిని కాల్చి చంపాడు. చివరికి తేబేసులో ఒక స్త్రీ పడవేసిన తిరుగటి రాయికి తల పగిలింది. అబీమెలెకు చేసిన చెడుతనాన్నే కాక, షెకెమువారి చెడుతనాన్ని కూడా దేవుడు వారి తలమీదికి రప్పించాడని అధ్యాయం ముగుస్తుంది. పదవి కోరినవాడు ఒక్కడే దోషి కాదు. వెండి ఇచ్చినవారు, బంధుత్వం చూసి ఒప్పుకున్నవారు కూడా లెక్క చెప్పాల్సి వచ్చింది.

ప్రియులారా, సంఘ కమిటీ ఎన్నికలప్పుడు మనం దేన్ని చూస్తున్నాం? ఫలాన్నా, కులాన్నా? ఆత్మలపై భారాన్నా, ఖర్చు పెట్టగల స్తోమతనా? యాకోబు, యోహాను కుడి ఎడమల స్థానాలు అడిగినప్పుడు మిగతా పదిమంది కోపగించుకున్నారని మార్కు 10వ అధ్యాయం చెబుతుంది. ఆ కోపం వెనుక ఉన్నదీ అదే ఆశ కాదా? మొదటివాడు కాగోరేవాడు అందరికీ దాసుడు కావాలని ప్రభువు వారికి బోధించాడు.

రొట్టెలు తిన్న జనం తనను రాజుగా చేయబోతున్నారని తెలిసి యేసు ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు. తర్వాత శిష్యుల పాదాలు కడిగాడు. గిద్యోను నోట మాత్రమే పలికినదాన్ని ఆయన తన బ్రతుకంతటితో చూపించాడు. ఈసారి ఓటు వేసే ముందు, పేరు ప్రతిపాదించే ముందు, షెకెమువారిని ఒక్కసారి జ్ఞాపకం చేసుకుందాం.